విడదీసి రాసిన పొరపాటు

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంటిల్లిపాదీ తీర్మానించి నలభై ఏళ్ళయింది. అలాంటివాడికి గింజలు నానబెట్టే ఉద్యోగం ఎవరిచ్చారో గాని, ఇచ్చారు. విత్తన పరీక్షశాలలో ఇరవై రెండేళ్ళుగా నా పని అదే. యాభై గింజలు ఏరి, తూచి, స్వచ్ఛమైన నీళ్ళున్న గాజు పాత్రలో వేసి, మూతపెట్టి, ఒక రోజు ఆగి, ఆ నీళ్ళలో మీటరు పుల్ల ముంచుతాను. మంచి విత్తనం ఇంటిగుట్టు బయటపెట్టదు. నీళ్ళు నీళ్ళలాగే ఉంటాయి, మీటరు మీద అంకె బద్ధకంగా పడుకుంటుంది. చెడిన విత్తనం లోపలి ఉప్పూ చక్కెరా నీళ్ళలో కక్కేస్తుంది. ఉప్పున్న నీళ్ళలో కరెంటు పరుగెడుతుంది, అంకె పైకెగబాకుతుంది. మొత్తానికి విత్తనాల్లో నాలాంటివాళ్ళను పట్టుకోవడానికి నాకు జీతమిస్తున్నారు.

నలభై ఒకటో లాటు వేరుశనగ నా బల్ల మీదకు మంగళవారం వచ్చింది. చూడ్డానికి ముద్దుగా ఉంది. గులాబీ రంగు పొట్టు, నొక్కు లేదు, పురుగు లేదు. పక్క గదివాళ్ళు ముందే చేసిన మొలక పరీక్షలో నూటికి ఎనభై నాలుగు మొలిచాయి. నానబెట్టిన నీళ్ళు మాత్రం నలభై ఆరు చూపించాయి. మా దగ్గర ముప్పై దాటితే ఆపమని నియమం. మళ్ళీ పెట్టాను. నలభై ఏడు.

రిపోర్టులు టైపు చేసే ఆవిడను మేం కామా మేడం అంటాం. వాక్యంలో కామా పడాల్సిన చోట పడకపోతే ఆవిడకు అన్నం సహించదు. గురువారం సాయంత్రం నా భుజం మీదుగా మీటరు కేసి చూసి అడిగింది.

"మొలిచింది కదండీ, మరి కారడమేంటి?"

"కొవ్వు మేడం, కొవ్వు."

"ఎవరికి?"

"గింజకి. ఒక్కో కణం చుట్టూ కొవ్వుతో అల్లిన పొర ఉంటుంది. కొవ్వు అణువులు రెండు వరసల్లో, తోకలు లోపలికి పెట్టుకుని ఒద్దికగా నిలబడతాయి. రేకుల గోదాములో ఎండాకాలమంతా కూర్చోబెడితే ఏమవుతుంది? ఆక్సిజన్ వచ్చి ఒకదాని తోక కొరుకుతుంది. కొరికించుకున్నది ఊరుకోదు, పక్కదాన్ని కొరుకుతుంది. అది దాని పక్కదాన్ని."

"మన ఆఫీసులో పుకారు లాగా."

"అచ్చంగా. పుకారులో కూడా కారు ఉంది చూశారా? కొరికిన తోక వంకరపోతుంది, వరస సడలుతుంది, సందులు పడతాయి. సందుల్లోంచి నీళ్ళు జొరబడతాయి, ఉప్పు జారుకుంటుంది. పాత నూనె కనరు వాసన వేస్తుంది కదా, అదే జబ్బు. సీసాలో ఉంటే కనరు అంటాం. గింజలో ఉంటే ఎవరూ కనరు."

కామా మేడం నవ్వలేదు. నా మాటలకు నవ్వితే ఇంకో నాలుగు వస్తాయని ఆవిడకు అనుభవం.

ఫారంలో ఆఖరి గడి 'కారణం'. మామూలుగా 'గింజ పొరలు దెబ్బతిన్నవి' అని రాస్తాను. ఆ రోజు చెయ్యి దురద పెట్టింది. పొరకు వచ్చిన పాటు, అంటే చేటు, కాబట్టి 'పొర పాటు' అని రాశాను. మధ్యలో చీమ దూరేంత సందు వదిలాను. రాసి, కాస్త దూరం పెట్టి చూసుకుని మురిసిపోయాను. కింద నా పొట్టి సంతకం గీకి, టైపు చెయ్యాల్సిన ఖాళీ కాగితం కింద కూడా ముందే సంతకం పెట్టి, కామా మేడం ట్రేలో పడేశాను. శుక్రవారం పన్ను పీకించుకోవాలి, సెలవు. శని ఆదివారాలు ఆఫీసు సెలవు. దవడ వాచి, మూడు రోజులు మాట్లాడలేక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆ మూడు రోజులూ ఇల్లు చాలా ప్రశాంతంగా ఉందని మా ఆవిడ అందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

సోమవారం పొద్దున గోదాములోకి వెళ్తే, ఆపిన లాట్లు పెట్టే మూలన నలభై ఒకటి లేదు. నలభై ఉంది, నలభై రెండు ఉంది. మధ్యలో నేల ఉంది.

మా అధికారిని సంతకం సారు అంటాం. ఆయన చదివి సంతకం పెడతాడా, పెట్టి చదువుతాడా అన్నది మా ఆఫీసులో తేలని విషయం. గబగబా ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, నలభై ఒకటి ఏది?"

"పంపించేశాం శుక్రవారం. రైతు సంఘం వాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు."

"నలభై ఆరు వచ్చింది సార్ దానికి."

"చూశాను. దాని కిందే కారణం కూడా రాశావుగా, పొరపాటని."

"పొరపాటు కాదు సార్. పొర పాటు."

"అదేనయ్యా నేను చదివింది."

"పొరపాటు వేరు సార్, పొర పాటు వేరు."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని, నన్ను నఖశిఖపర్యంతం చూశాడు. "ఒకే మాట రెండుసార్లు అని వేరంటావేంటి? అంకె తప్పు వచ్చిందని నువ్వే ఒప్పుకున్నావు, మొలక బాగుంది, పంపేశాను. నీ నిజాయితీ చూసి ముచ్చట కూడా పడ్డాను."

వెనక్కి పరుగెత్తి కామా మేడంను అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది. "మీరెప్పుడూ మాటలు విరగ్గొడతారు. నేను అతికిస్తాను. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే."

ఆవిడ బల్ల మీదున్న రికార్డు పుస్తకం ముందుకు తోశాను.

"ఏ సంఘం?" అన్నాను.

ఆవిడ పుస్తకం తిరగేసింది. వేలు ఒకచోట ఆగింది. తలెత్తి చూసింది. "మీ అక్కయ్యగారిదే. ఆవిడే కార్యదర్శి అటండీ. ఇవాళ మధ్యాహ్నం మొదటి విత్తు వాళ్ళ చేలోనే. విత్తే యంత్రం ఒక్కటే ఉందిట, తర్వాత మిగతావాళ్ళకు వరసగా."

సంతకం సారు ఉత్తరం రాస్తానన్నాడు. ఉత్తరానికి నంబరు పడాలి, నంబరుకు ఇంకో సంతకం కావాలి, బుధవారం నాటికి అందుతుందన్నాడు. "అంతదాకా ఎందుకు, మీ అక్కే కదా, ఫోను చేసి చెప్పు" అన్నాడు.

మా అక్కే. అదే తంటా.

ఎనిమిది నెలల కిందట మా మేనకోడలు ఉద్యోగానికి వేరే ఊరు బయల్దేరింది. బస్టాండులో అందరం సాగనంపుతుంటే బావ ఏడ్చేశాడు. నిండా యాభై ఏళ్ళ మనిషి, భుజం మీద తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. పిల్లను కారులో దింపాలని ఆయనకు కోరిక. కారు కొనలేకపోయాడు, ఎవరి ఆటోనో అడిగి తెచ్చాడు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే అన్నాను, ఇరవై మంది ముందు, "మా బావకి కారు లేదని ఎవరన్నారు? చూడండి, రెండు కళ్ళూ కారే."

అందరూ నవ్వారు. బావ కూడా నవ్వాడు. తర్వాత తువ్వాలు దులుపుకుని వెళ్ళి, ఆటోలో కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అక్క నాతో మాట్లాడలేదు. నా ఫోను ఎత్తడం లేదు.

ఆ రోజు ఎత్తింది.

"అక్కా, ఆ విత్తనం వెయ్యకు. అది కారుతుంది."

"ఈసారి జోకు దేని మీద?" అంది. పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఇంకే మాటా దొరకనట్టు అదే మాట అన్నాను. నాలుక్కి నరం ఉండదంటారు, నా నాలుక్కి బుద్ధి కూడా లేదు.

చేతి మీటరు సంచిలో వేసుకుని, బ్యాటరీల కొట్టులో రెండు సీసాల బ్యాటరీ నీళ్ళు కొనుక్కుని, స్కూటరెక్కాను. బ్యాటరీలో పోసేవి ఉప్పు లేని నీళ్ళే, మా ల్యాబులో వాడేవీ అవే. గంట దారి. దారి పొడవునా ఆకాశం పడమటి నుంచి నల్లగా మడత విప్పుకుంటూ వచ్చింది. ఇంకోడైతే వాన వస్తోందని సంతోషిస్తాడు. నాకు మాత్రం చల్లటి బురదలో నానుతున్న నలభై ఒకటో లాటే కనిపిస్తోంది. వెచ్చటి గదిలో, తడి కాగితం మధ్య, చంటిపిల్లలా చూసుకుంటే మొలిచింది గాని, చల్లటి నేలలో నీళ్ళు ఒక్క ఉదుటున లోపలికి దూకితే సడలిన పొరలు ఆపలేవు. లోపలి చక్కెర మట్టిలోకి కారుతుంది. ఆ తీపికి బూజు వస్తుంది. మొలక రాదు.

నేను వెళ్ళేసరికి పదకొండు దాటింది. ఇంటి ముందు విత్తే యంత్రం నిలబడి ఉంది. బావ బస్తా మూతి విప్పి దాని తొట్టిలో గింజలు పోస్తున్నాడు. నన్ను చూసి తలూపాడు. పోయడం ఆపలేదు.

అక్క గుమ్మంలోకి వచ్చింది. "దవడ ఏంట్రా అలా ఉంది?"

"పన్ను పీకించుకున్నా."

"నాలుక పీకించుకోవాల్సింది."

స్కూటరు స్టాండు కూడా వెయ్యకుండా చెప్పుకుపోయాను. పొరలూ, కొవ్వూ, కొరుకుడూ, సందులూ, ఫారమూ, చీమ దూరే సందూ, కామా మేడమూ. అక్క చేతులు కట్టుకుని వింది. మధ్యలో ఒకసారి లోపలికి వెళ్ళి, రిపోర్టు కాగితం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది నీ సంతకమేనా?"

"నాదే."

"నీ మాట నమ్మడం మానేసి ఎనిమిది నెలలైంది. నీ సంతకం నమ్మడం మానలేదు. దీన్ని చూసే మిగతావాళ్ళకి కూడా పర్లేదు, తీసుకోండి అన్నాను." ఆమె గొంతు పెద్దది కాలేదు. "ఇప్పుడు సంతకానికి కూడా రెండు అర్థాలున్నాయంటావు. వీటిలో ఏది నువ్వు?"

నన్ను అక్కడే నిలబెట్టి తన లెక్క చెప్పింది. సొంత పంటలోంచి కాయలుగానే మట్టిగదిలో దాచిన విత్తనం కొంచెం ఉంది. అది సగం చేనుకే సరిపోతుంది. నలభై ఒకటి పారేస్తే మిగతా సగం ఈ వానకు బీడే. ఇంకో లాటు వచ్చేసరికి అదును దాటిపోతుంది. నా మాట విని తప్పైతే సగం చేను పోతుంది. వినక తప్పైతే సంఘం మొత్తం పోతుంది.

"ట్రాక్టరు అబ్బాయి మూడింటికి వస్తాడు. అప్పటిలోగా నాకు చూపించు" అంది. "నోటితో కాదు."

నేను బ్యాటరీ నీళ్ళు తీశాను. అక్క రెండు గాజు గ్లాసులు తెచ్చి, అదే నీళ్ళతో నాలుగేసి సార్లు కడిగింది. తన కాయలు ఒలిచింది. రెండు కుప్పల్లోంచీ పొట్టు ఊడనివి, పగలనివి ఇరవై అయిదేసి తనే ఏరింది, కూరగాయల తక్కెడలో సరి చూసింది.

"వెనక్కి తిరుగు" అంది.

"ఎందుకు?"

"ఏది ఏ గ్లాసో నీకు తెలిస్తే మీటరు కూడా నీ మాటే వింటుంది."

తిరిగాను. మా ల్యాబులో ఇంత పకడ్బందీగా ఎవరూ చెయ్యరు. నీళ్ళ చప్పుడు, గింజలు రాలిన చప్పుడు, గ్లాసుల కింద కాగితం ముక్కలు మడిచి పెట్టిన చప్పుడు వినిపించాయి. తిరిగి చూస్తే రెండు గ్లాసులూ కవలపిల్లల్లా ఉన్నాయి.

"ఇప్పుడు నోరు తెరు."

తెరిచాను. బస్తాలోంచి తీసిన ఒక గింజ నా నాలుక మీద పెట్టింది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదంటారు కదా. నువ్వులు లేవు, దీంతో సరిపెట్టుకో. ఆ గ్లాసులు నానినంత సేపూ ఇది నానాలి. నమిలినా, మింగినా, మాట్లాడినా మూడింటికి ట్రాక్టరు బయల్దేరుతుంది."

చేతి గడియారం పదకొండూ నలభై చూపిస్తోంది.

అరుగు మీద కూర్చున్నాను. లేచాను. పీకిన పన్ను పక్కకి గింజ జారితే ప్రాణం జివ్వుమంటుంది, కుడి దవడకి నెడతాను, మళ్ళీ జారుతుంది. పెరట్లోకి వెళ్ళి మేఘం చూశాను. మేఘం నాకంటే నింపాదిగా ఉంది. వచ్చి గ్లాసులు చూశాను. రెంటిలోనూ నీళ్ళు నీళ్ళే. పొట్టు ముడతలు పడుతోంది, రెంటిలోనూ పడుతోంది. మళ్ళీ పెరట్లోకి వెళ్ళాను. ఎవరో పొరుగాయన వచ్చి, "ఏమండీ, బావమరిదిగారు, బాగున్నారా?" అంటే చేతులు జోడించాను. "బావమరిదిగారికి భక్తి పెరిగింది" అని వెళ్ళిపోయాడు. దానికి నా దగ్గర మూడు జవాబులున్నాయి. మూడూ గింజ కింద అణిగిపోయాయి.

మాట లోపల ఆగితే ఇంత బరువుంటుందని నాకు తెలియదు. పొర అంటే పొరుగు గుర్తొస్తుంది, పొరుగంటే పొరపొచ్చం, పొరపొచ్చం అంటే బావ. ఎటు నుంచి బయల్దేరినా అక్కడికే వచ్చి ఆగుతోంది. మామూలుగా అయితే ఆగేలోపు నోరు తెరిచి ఏదో ఒకటి అనేసి దాటిపోతాను. ఇప్పుడు దాటడానికి దారి లేదు.

బావ తొట్టి నింపడం అయిపోయింది. వచ్చి అరుగు మీద నాకు రెండడుగుల దూరంలో కూర్చున్నాడు. చెప్పులకంటిన మట్టి పుల్లతో గీకుతూ ఉండిపోయాడు. ఆయన మామూలుగానే మితభాషి. ఇద్దరు మాట్లాడని మగవాళ్ళం పక్కపక్కన కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు. ఒంటిగంట అయింది. గాలి చల్లబడింది. నా నోట్లో గింజ పొట్టు వదులైంది, నాలుకకు ఏదో చేదు తగిలింది. చేదు కాదు, కనరు. చాలా కొంచెం. నిజంగా ఉందా, నా భయానికి రుచి పుట్టిందా అని నాలుకతో తడుముతూ పోయాను. రెండయింది. దూరంగా ఉరిమింది. అక్క గడప దగ్గర నిలబడి ఆకాశం కేసి, యంత్రం కేసి, నా కేసి మార్చి మార్చి చూస్తోంది. ఆమె కాలి బొటనవేలు నేలను గీస్తూనే ఉంది. చిన్నప్పుడు పరీక్షల ఫలితాల రోజున కూడా అలాగే గీసేది.

రెండూ ముప్పావుకి ట్రాక్టరు చప్పుడు మలుపులో వినిపించింది.

"ముంచు" అంది అక్క.

మీటరు పుల్ల బ్యాటరీ నీళ్ళతో కడిగి, ఎడమ గ్లాసులో ముంచాను. అంకె రెండు, అయిదు, తొమ్మిది. తొమ్మిది దగ్గర ఆగింది. మీటరు ఆమె వైపు తిప్పి చూపించాను. మళ్ళీ కడిగి, కుడి గ్లాసులో ముంచాను. తొమ్మిది దగ్గర ఆగలేదు. ఇరవై దగ్గర ఆగలేదు. ముప్పై నాలుగు దాకా ఎక్కి, అక్కడ ఊగుతూ నిలబడింది.

అక్క కుడి గ్లాసు ఎత్తి, కింది కాగితం విప్పింది. చదవలేదు. బావ చేతికిచ్చింది.

అందులో ఆమె చేతిరాతతో 'తమ్ముడిది' అని ఉంది.

నలభై ఒకటి అని రాయలేదు. తమ్ముడిది అని రాసింది.

బావ ఆ గ్లాసు తీసుకుని వెలుగుకు ఎత్తిపట్టి చూశాడు. నీళ్ళకు లేత పసుపు జాడ వచ్చింది. వాసన చూశాడు. తర్వాత నా వైపు తిరిగి, ఏ మార్పూ లేని మొహంతో అడిగాడు.

"అయితే ఇది కారేనా?"

నా నోట్లో గింజ ఉంది. తలూపాను. కళ్ళలోకి ఏదో వచ్చింది, పన్ను నొప్పి అనుకోవచ్చు.

"ఇక ఉమ్మెయ్" అంది అక్క.

చేతిలోకి ఉమ్మాను. మూడు గంటలు ఆపిన మాటలన్నీ ఒక్కసారే గుమ్మం దాకా వచ్చి నిలబడ్డాయి. వాటన్నిటినీ పక్కకి నెట్టి ఒకటి వెతికాను. దానికి ఒక్క అర్థమే ఉండాలి.

"బావా, ఆ రోజు నేనన్నది తప్పు."

"పొరపాటా?" అన్నాడు బావ.

"కాదు. తెలిసే అన్నాను."

ఆయన గ్లాసులో నీళ్ళు మొక్కల్లో పారబోయబోయి, ఆగి, రాళ్ళ మీద పారబోశాడు. "తొట్టి ఖాళీ చెయ్యాలి, పట్టు" అన్నాడు.

ట్రాక్టరు అబ్బాయిని ఆపి, ముగ్గురం కలిసి గిన్నెలతో, చేటలతో, చివరికి దోసిళ్ళతో తొట్టి తోడాం. మూలల్లో ఇరుక్కున్న గింజల్ని బావ పుల్లతో గుచ్చి గుచ్చి తీశాడు. అక్క ఒక చేత్తో తోడుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని సంఘంలో ఒక్కొక్కరికీ చెప్పింది. "లేదు వదినా, వెయ్యకండి. అవును, మా వాడే వచ్చి చెప్పాడు. లేదు, జోకు కాదు. నేను చూశాను." ఆ ఆఖరి మాట ప్రతి ఫోనులోనూ అంది.

ఆమె దాచిన విత్తనం చేనులో తూర్పు సగానికి సరిపోయింది. పడమటి సగం దగ్గర యంత్రం ఆగిపోయింది. చినుకులు మొదలయ్యాయి. దున్ని, చదును చేసి, సిద్ధంగా ఉన్న ఖాళీ నేల మీద వాన పడుతుంటే ముగ్గురం గట్టు మీద నిలబడి చూశాం. బావ తువ్వాలు తల మీద వేసుకున్నాడు.

"రేపు ఆ ఫారం మళ్ళీ రాస్తావా?" అంది అక్క.

"రాస్తాను. గింజ పొరలు దెబ్బతిన్నవి అని."

"పూర్తిగా రాయి. ఆవిడెవరో అతికించడానికి ఏమీ మిగల్చకు." కొంగు తల మీదకు లాక్కుని, "మంచి విత్తనం ఎప్పుడు దొరుకుతుందో కూడా కనుక్కో. దొరికితే ఫోను చెయ్యి."

"ఎత్తుతావా?"

"విత్తనం గురించైతే ఎత్తుతాను" అంది.

వానలోనే బయల్దేరాను. గింజ ఉమ్మేసినా దాని పొట్టు ముక్కొకటి అంగిలికి అతుక్కుపోయింది. నాలుకతో ఎంత గీకినా ఊడలేదు. ఇల్లు చేరేదాకా నాలుక అక్కడికే వెళ్తూ ఉంది, కనరు తగులుతూనే ఉంది. సగం ఖాళీ చేను మీద వాన ఇంకా పడుతూనే ఉండి ఉంటుంది.